కొలాజెన్ బలం ముడుల్లో ఉంది: సంయోజక కణజాలం ఎలా అల్లుకుంటుంది, ఎక్కడ బిగుసుకుపోతుంది

క్లుప్తంగా: కండను ఎముకకు కట్టేదీ, చర్మానికి దిట్టదనం ఇచ్చేదీ, అవయవాల మధ్య సందుల్ని నింపేదీ సంయోజక కణజాలం. ఇందులో కణాలు కొద్ది, ఆ కణాలు తయారుచేసి బయట పరిచిన సరుకు ఎక్కువ. ఆ సరుకులో ప్రధానమైనది కొలాజెన్. అది ఎంత ఉందన్నదానికంటే దాని పోగుల మధ్య రసాయన ముడులు ఎన్ని, ఎలాంటివి పడ్డాయన్నదే బలాన్ని తేలుస్తుంది. ముడులు చాలకపోతే చిగుళ్లు, రక్తనాళాలు చితికిపోతాయి. మితిమీరితే వేళ్లు చాచుకోవు, నోరు తెరుచుకోదు. డబ్బాలో కొన్న కొలాజెన్ ఈ లెక్కను పెద్దగా మార్చలేదు.

మందుల షాపుల్లోనూ ఆన్‌లైన్‌లోనూ కొలాజెన్ పౌడర్ల ప్రకటనలు కొంతకాలంగా జోరందుకున్నాయి. చర్మం బిగువు నుంచి మోకాళ్ల నొప్పుల దాకా అన్నిటికీ అదే మందన్నట్టు చెబుతున్నాయి. ఈ మాటల్లో నిజమెంతో తేల్చుకోవాలంటే ముందు ఒంట్లో కొలాజెన్‌ను ఎవరు తయారుచేస్తారు, ఎలా తయారుచేస్తారు, తయారయ్యాక దానికేమవుతుంది అన్నది తెలియాలి.

## కణాలు కొద్ది, సరుకు ఎక్కువ

చర్మం పైపొరలోనూ పేగు లోపలి పొరలోనూ కణాలు గోడలో ఇటుకల్లా ఒకదానికొకటి ఆనుకుని ఉంటాయి. సంయోజక కణజాలం అలా ఉండదు. కణాలు దూరదూరంగా ఉంటాయి. వాటి మధ్య నీళ్లు పట్టిన జిగురు, ఆ జిగురులో తంతువులు. ఈ రెండిటినీ కలిపి మాత్రిక అంటారు.

దీన్ని చూడటానికి మైక్రోస్కోపే అక్కర్లేదు. కోడిని శుభ్రం చేసేటప్పుడు తోలు లాగితే, తోలుకూ కండకూ మధ్య సాలెగూడులా సాగే పల్చని పొర కనిపిస్తుంది. అది వదులు సంయోజక కణజాలం. లెగ్ పీస్ చివర పళ్లకు లొంగని తెల్లటి తాడు టెండన్, అంటే పాఠ్యపుస్తకాల్లోని స్నాయుబంధకం. ఎముక కొసన నున్నగా మెరిసే తెల్లటి టోపీ మృదులాస్థి. మూడూ ఒకే కుటుంబం. కణాలకూ, తంతువులకూ, జిగురుకూ మధ్య పాళ్లు మారడం వల్లే ఒకటి పొరైంది, ఒకటి తాడైంది, ఒకటి టోపీ అయింది. వర్గీకరణలో ఎముక, కొవ్వు, రక్తం కూడా ఈ కుటుంబంలోకే వస్తాయి.

కణాల్లో ముఖ్యమైన పనివాడు ఫైబ్రోబ్లాస్ట్. సన్నగా, రెండు కొసలా సాగిన కదురు ఆకారం. ప్రొటీన్ తయారుచేసే గరుకు అంతర్జీవద్రవ్య జాలం అందులో దండిగా ఉంటుంది. కొలాజెన్, ఎలాస్టిన్‌తోపాటు జిగురులోని చక్కెర గొలుసులను కూడా అదే తయారుచేస్తుంది. పని తగ్గినప్పుడు ముడుచుకుని ఫైబ్రోసైట్‌గా ఉండిపోతుంది. గాయమైతే మళ్లీ లేస్తుంది.

మిగతావి కాపలా కణాలు. రక్తంలోని మోనోసైట్లు కణజాలంలోకి దిగి స్థూలభక్షక కణాలవుతాయి. సూక్ష్మజీవులను, చచ్చిన కణాలను మింగడం వాటి పని. మాస్ట్ కణాలను 1878లో జర్మన్ శాస్త్రవేత్త పాల్ ఎర్లిచ్ వర్ణించారు. లోపల కిక్కిరిసిన రేణువుల్ని చూసి బాగా మేసిన కణాలనుకుని, ‘మేత’ అని అర్థమిచ్చే జర్మన్ మాటతో వాటికి పేరు పెట్టారు. అవి మింగిన రేణువులు కావు. కణం తనే తయారుచేసి దాచుకున్న హిస్టమిన్, హెపారిన్. దద్దుర్లు లేచినప్పుడు చర్మం ఉబ్బి దురద పెట్టేది ఈ రేణువులు పగలడం వల్లే. ప్లాస్మా కణాలు యాంటీబాడీలను తయారుచేస్తాయి, కొవ్వు కణాలు ఇంధనాన్ని దాస్తాయి. ఇవి గాక రక్తం నుంచి వచ్చిపోయే తెల్లకణాలు ఉండనే ఉన్నాయి.

## మూడు రకాల తంతువులు

కొలాజెన్ శరీరంలోని మొత్తం ప్రొటీన్‌లో పావు వంతు నుంచి 30 శాతం దాకా ఉంటుంది. ఇప్పటిదాకా 28 రకాలను గుర్తించారు. ఒంట్లో ఉన్న కొలాజెన్‌లో దాదాపు 90 శాతం మొదటి రకమే: చర్మం, ఎముక, టెండన్, ఎముకను ఎముకకు కట్టే లిగమెంట్ అంతా అదే. రెండో రకం మృదులాస్థిలో ఉంటుంది. నాలుగో రకం తాడులా కాక వలలా అల్లుకుని, మూత్రపిండంలో రక్తం వడకట్టే పొర వంటి చోట్ల ఉంటుంది. కొలాజెన్ తంతువు లాగితే సాగదు, తెగదు. టెండన్‌లో తంతువులన్నీ ఒకే దిశలో సమాంతరంగా ఉంటాయి, ఎందుకంటే అక్కడ లాగుడు ఒకే వైపు నుంచి వస్తుంది. చర్మం లోపలి పొరలో అడ్డదిడ్డంగా అల్లుకుని ఉంటాయి, ఎందుకంటే చర్మాన్ని ఏ వైపు నుంచైనా లాగవచ్చు.

రెటిక్యులర్ తంతువులు నిజానికి మూడో రకం కొలాజెనే. సన్నగా, కొమ్మలు వేసి, ప్లీహం, లింఫ్ గ్రంథులు, కాలేయం వంటి మెత్తటి అవయవాలకు లోపలి పందిరిగా ఉంటాయి. మామూలు రంగుల్లో ఇవి కనిపించవు. పాథాలజీ ల్యాబ్‌లో వెండి లవణాలతో రంగు వేస్తే నల్లగా తేలతాయి. కాలేయ బయాప్సీలో ఈ నల్లటి పందిరి కూలిందా, నిలిచి ఉందా అని చూస్తారు.

ఎలాస్టిన్ తీరు వేరు. లాగితే సాగి, వదిలితే యథాస్థితికి వస్తుంది. గుండె నుంచి బయల్దేరే బృహద్ధమని ప్రతి స్పందనకూ ఉబ్బి మళ్లీ ముడుచుకోగలిగేది దీనివల్లే. చిక్కేమిటంటే, ఎలాస్టిన్ దాదాపు అంతా ఎదిగే వయసులోనే తయారవుతుంది. తర్వాత జీవితమంతా ఆ పాత సరుకుతోనే నెట్టుకురావాలి. పొగ తాగేవాళ్ల ఊపిరితిత్తుల్లో తెల్లకణాల ఎంజైము ఎలాస్టిన్‌ను కోసేస్తుంటుంది, ఆ ఎంజైమును అదుపు చేసే ప్రొటీన్‌ను పొగ దెబ్బతీస్తుంది. తెగిన ఎలాస్టిన్ మళ్లీ సరిగా అల్లుకోదు. ఊపిరితిత్తుల్లోని గాలి సంచులు దెబ్బతినే ఈ జబ్బులో, అంటే ఎంఫిసీమాలో, పోయిన ఊపిరి పొగ మానేసినా తిరిగి రాకపోవడానికి ఇదొక కారణం. మానేస్తే మిగిలింది నిలుస్తుంది.

## తాడు పేనినట్టు

తాడు పేనేవాళ్లు పోగులకు ఒక వైపు పురి ఇస్తే, వాటిని కలిపేటప్పుడు ఎదురు పురి ఇస్తారు. లేకపోతే తాడు విడిపోతుంది. కొలాజెన్ అణువు కట్టుబడి అచ్చంగా ఇదే. ఒక్కో గొలుసులో సుమారు 1,000 అమైనో ఆమ్లాలు ఉంటాయి. గొలుసుకు ఎడమ పురి, మూడు గొలుసులు కలిసిన తాడుకు కుడి పురి. ఈ మూడు పేటల నిర్మాణాన్ని 1954లో మద్రాసు విశ్వవిద్యాలయంలో జి.ఎన్. రామచంద్రన్, గోపీనాథ్ కర్తా ప్రతిపాదించారు. ఎక్స్-రే చిత్రాలకు వాళ్లు వాడిన నమూనాల్లో కంగారూ తోక టెండన్ ఒకటి. ప్రతి మూడో స్థానంలో గ్లైసిన్ ఉండితీరాలి. మూడు పేటలు కలిసే ఇరుకు మధ్యభాగంలో అంతకంటే పెద్ద అమైనో ఆమ్లం పట్టదు. ఒక్కచోట గ్లైసిన్ బదులు మరొకటి పడ్డా పురి చెడుతుంది. కొంచెం దెబ్బకే ఎముకలు విరిగే పుట్టుకతో వచ్చే జబ్బు, ఆస్టియోజెనెసిస్ ఇంపర్ఫెక్టా, చాలా కుటుంబాల్లో ఇలా వచ్చిందే.

తయారీ వరుసగా సాగుతుంది. ఫైబ్రోబ్లాస్ట్ లోపల గొలుసులు తయారవుతుండగానే వాటిలోని ప్రోలిన్, లైసిన్ అనే అమైనో ఆమ్లాలకు ఎంజైములు హైడ్రాక్సిల్ గుంపును తగిలిస్తాయి. ఆ ఎంజైముల్లో ఇనుము ఉంటుంది. అది తుప్పు పట్టినట్టు మారిపోకుండా మళ్లీ పనికొచ్చే స్థితికి తెచ్చేది విటమిన్ సి. ఈ పని జరగకపోతే పేటలు పురి పట్టవు: హైడ్రాక్సిల్ గుంపులు లేని కొలాజెన్ దాదాపు 24 డిగ్రీల సెల్సియస్ దగ్గరే విడిపోతుంది. ఒంటి వేడి 37 డిగ్రీలు కాబట్టి అలాంటి తాడు ఒంట్లో నిలవదు.

పురి పట్టిన అణువు రెండు కొసలా టోపీలతో కణం బయటికి వస్తుంది. లోపల ఉండగానే పోగుగా గడ్డకట్టకుండా కాపాడేవి ఆ టోపీలు. బయటికొచ్చాక ఎంజైములు వాటిని కత్తిరిస్తాయి. అప్పుడు 300 నానోమీటర్ల పొడవున్న అణువులు పక్కపక్కనే, ఒకదానికొకటి 67 నానోమీటర్లు జరిగి పేరుకుంటాయి. ఎలక్ట్రాన్ మైక్రోస్కోపులో కొలాజెన్ పోగు మీద అడ్డ చారలు కనిపించేది ఈ జరుగుడు వల్లే.

ఇంతవరకూ అయితే అది పేర్చిన కట్ట మాత్రమే. కట్టను తాడుగా చేసేది చివరి దశ. రాగి ఉన్న లైసిల్ ఆక్సిడేజ్ అనే ఎంజైము పక్కపక్క అణువుల్లోని లైసిన్‌ల మధ్య అడ్డముడులు వేస్తుంది. కొలాజెన్ తెగకుండా నిలిచేది ఈ ముడుల బలం మీదే. వయసు పెరిగేకొద్దీ ముడులు ముదురుతాయి. లేత పొట్టేలు మాంసం తొందరగా ఉడికి, ముదురు మాంసానికి కుక్కర్ విజిల్స్ రెట్టింపు కావలసి రావడంలో పెద్ద పాలు దీనిదే. ఎంతసేపు ఉడికినా చివరికి పురి విడి జెలటిన్ అవుతుంది. పాయా చల్లారాక గడ్డకట్టేది అందుకే.

## ముడులు చాలకపోతే

విటమిన్ సి లోపంతో వచ్చే స్కర్వీ జబ్బు దీనికి పాత ఉదాహరణ. 1747లో బ్రిటిష్ నౌకాదళ వైద్యుడు జేమ్స్ లిండ్ 12 మంది రోగులైన నావికులను ఇద్దరిద్దరి చొప్పున విడదీసి రకరకాల చికిత్సలు ఇచ్చారు. నారింజ, నిమ్మ తిన్న ఇద్దరే త్వరగా లేచారు. విటమిన్ సి లేకపోతే కొత్త కొలాజెన్ నిలవదు, పాతది మాత్రం ఎప్పట్లా కరుగుతూనే ఉంటుంది. కొలాజెన్ వేగంగా మారే చోట్లే ముందు దెబ్బతింటాయి: చిగుళ్లు, సన్న రక్తనాళాలు, ఎప్పుడో మానిన గాయాల మచ్చలు. స్కర్వీ ముదిరినవాళ్లకు పాత గాయాలు మళ్లీ తెరుచుకుంటాయనడం అతిశయోక్తి కాదు. మచ్చ అంటే నిత్యం మరమ్మతు జరుగుతూ నిలిచే కణజాలం.

నివారణ ఖరీదైనది కాదు. భారత వైద్య పరిశోధన మండలి, హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2020లో ఇచ్చిన సిఫారసు రోజుకు పురుషులకు 80 మిల్లీగ్రాములు, స్త్రీలకు 65 మిల్లీగ్రాములు. ఒక మోస్తరు జామకాయతో ఇది తీరిపోతుంది. వండితే విటమిన్ సి చాలావరకు పోతుంది కాబట్టి పచ్చిగా తినడమే మేలు.

మార్ఫాన్ సిండ్రోమ్‌లో లోపం వేరే చోట ఉంటుంది. ఎలాస్టిన్ పేరుకోవడానికి పందిరిగా నిలిచే ఫిబ్రిల్లిన్-1 అనే ప్రొటీన్ జన్యువు చెడుతుంది. సుమారు 5,000 మందిలో ఒకరికి వస్తుంది. పొడవాటి చేతులు, వేళ్లు, కంటి కటకం పక్కకు జరగడం పైకి కనిపించే గుర్తులు. ప్రాణాపాయం మాత్రం బృహద్ధమని క్రమంగా ఉబ్బి చీలడం వల్ల. అందుకే ఈ లక్షణాలున్నవారికి ఎత్తు కొలిచి ఊరుకోకుండా ఎకో పరీక్ష చేయిస్తారు.

కొలాజెన్ తయారుచేసే పనివాడినే నిద్రపుచ్చే అలవాటు ఒకటి ఇంట్లోనే ఉంది. స్టెరాయిడ్ కలిసిన క్రీములను తెలుపు కోసం ముఖానికి నెలల తరబడి రాస్తే ఫైబ్రోబ్లాస్ట్‌లు కొలాజెన్ తయారీ తగ్గిస్తాయి. చర్మం పల్చబడి కింది రక్తనాళాలు ఎర్రగా కనిపిస్తాయి. చారలు పడితే పోవు. ఇదే గుణాన్ని వైద్యులు కీలాయిడ్‌ల మీద కావాలని వాడతారు. గాయం హద్దు దాటి పెరిగే ఆ గట్టి మచ్చలోకి నేరుగా స్టెరాయిడ్ ఎక్కిస్తే అది చదునవుతుంది.

## గాయం మానడమంటే

కోత పడ్డ మూడు నుంచి ఐదు రోజుల్లో ఫైబ్రోబ్లాస్ట్‌లు అక్కడికి చేరతాయి. మొదట హడావిడిగా వేసేది సన్నటి మూడో రకం కొలాజెన్. తర్వాత నెలల మీద దాన్ని తీసేసి మొదటి రకం పరుస్తాయి. కొన్ని ఫైబ్రోబ్లాస్ట్‌లు కండరకణాల గుణం తెచ్చుకుని గాయం అంచుల్ని దగ్గరికి లాగుతాయి.

బలం మాత్రం నిదానంగా వస్తుంది. వారం తర్వాత గాయానికి మామూలు చర్మం బలంలో పదో వంతు మించి ఉండదు. మూడు నెలలకు 70 నుంచి 80 శాతానికి చేరి అక్కడే ఆగిపోతుంది. ముఖం మీద కుట్లు 3–5 రోజులకే, కీళ్ల దగ్గర 10–14 రోజులకు విప్పడంలో తర్కం ఇదే: ముఖంలో రక్తప్రసరణ ఎక్కువ, లాగుడు తక్కువ. పైకి మానినట్టు కనిపించిందని హెర్నియా ఆపరేషన్ అయిన రెండో వారంలో బస్తా ఎత్తితే లోపలి ముడులు ఇంకా పడి ఉండవు.

## జిగురు సంగతి

తంతువుల మధ్య జిగురుకు ప్రచారం తక్కువ, పని ఎక్కువ. అందులోని హైలురోనిక్ ఆమ్లం, కాండ్రాయిటిన్ సల్ఫేట్ వంటి పొడవాటి చక్కెర గొలుసులు నీళ్లను పట్టి ఉంచుతాయి. మోకాలి మృదులాస్థి బరువు మోయగలిగేది ఆ నీటి ఒత్తిడితోనే. 70 కిలోల మనిషిలో హైలురోనిక్ ఆమ్లం సుమారు 15 గ్రాములు ఉంటుంది. అందులో మూడో వంతు రోజూ కరిగి కొత్తది వస్తుంది. కొలాజెన్ ముందు ఇది చాలా చలాకీ సరుకు.

ఈ జిగురు సూక్ష్మజీవులకు అడ్డుకట్ట కూడా. అందుకే కొన్ని బ్యాక్టీరియాలు దాన్ని కరిగించే హైలురోనిడేజ్ ఎంజైమును తెచ్చుకుంటాయి. నాగుపాము విషంలోనూ అదే ఉంటుంది, కాటు వేసిన చోటి నుంచి విషం చుట్టూ పాకడానికి దారి చేస్తుంది. వైద్యులు కూడా ఈ ఎంజైమును వాడతారు. ఆ సంగతి తర్వాతి భాగంలో.

## తోలు ఊనడం, నోరు బిగుసుకోవడం

పచ్చి తోలు కుళ్లుతుంది, ఊనిన తోలు, అంటే కుళ్లకుండా శుద్ధి చేసిన తోలు, ఏళ్ల తరబడి నిలుస్తుంది. తేడా కొలాజెన్ మధ్య అదనంగా పడ్డ బంధాలదే. తంగేడు చెక్కలోని టానిన్లు కొలాజెన్‌ను పట్టుకుని, దాన్ని తినే ఎంజైములకు లొంగకుండా చేస్తాయి. దక్షిణాదిలో తోళ్లు ఊనడానికి ఆ చెక్క ఎంతోకాలం వాడారు. పచ్చి తోలు 60–65 డిగ్రీల వేడికే ముడుచుకుంటే, క్రోమియంతో ఊనిన తోలు 100 డిగ్రీలను కూడా తట్టుకుంటుంది. ఈ రసాయన శాస్త్రానికి మన దేశంలో కేంద్రం చెన్నైలోని కేంద్ర తోలు పరిశోధన సంస్థ. తెనాలి ప్రాంతం నుంచి వెళ్లిన యలవర్తి నాయుడమ్మ దానికి డైరెక్టర్‌గా చేశారు.

ఇదే రసాయనం బతికున్న నోట్లో జరిగితే వచ్చేది సబ్‌మ్యూకస్ ఫైబ్రోసిస్. కారణం వక్క. గుట్కాలో, పాన్ మసాలాలో పొగాకే దోషి అని చాలామంది అనుకుంటారు, పొగాకు లేని పొట్లం సురక్షితమని కొనుక్కుంటారు. ఈ జబ్బుకు వక్క ఒక్కటే చాలు. అందులోని అరెకోలిన్ ఫైబ్రోబ్లాస్ట్‌లను రెచ్చగొట్టి కొలాజెన్ ఎక్కువ తయారుచేయిస్తుంది. టానిన్లు ఆ కొలాజెన్‌ను ఊనిన తోలులా కరగనివ్వకుండా చేస్తాయి. వక్కలో రాగి ఎక్కువ, అది ముడులు వేసే లైసిల్ ఆక్సిడేజ్‌ను ఉసిగొల్పుతుంది. తయారీ పెరిగింది, ముడులు పెరిగాయి, కరుగుడు తగ్గింది. మూడు వైపుల నుంచీ ఒకేసారి బిగింపు.

మొదట కారం తగిలితే నోరు మండుతుంది. తర్వాత బుగ్గల లోపల పాలిపోయి, వేలితో తడిమితే నిలువు పట్టీలు తగులుతాయి. మామూలుగా తన మూడు వేళ్లు నిలువుగా పట్టేంత, అంటే 35 మిల్లీమీటర్లకు పైగా నోరు తెరుచుకోవాలి. రెండు వేళ్లే పడుతున్నాయంటే దంతవైద్యుడికి చూపించాల్సిందే. చికిత్సలో పట్టీల్లోకి స్టెరాయిడ్‌తోపాటు హైలురోనిడేజ్ ఎక్కిస్తారు, నోరు తెరిచే వ్యాయామం రోజూ చేయిస్తారు. బాగా మూసుకుపోతే పట్టీలు కోసి వేరే కణజాలం అతికిస్తారు. వక్క మానకుండా ఇవేవీ నిలవవు, మానినా పడ్డ పట్టీలు పూర్తిగా కరగవు. పైగా ఇది క్యాన్సర్‌కు దారితీసే జబ్బు. కేరళలో 17 ఏళ్లపాటు గమనించిన రోగుల్లో 7.6 శాతం మందికి నోటి క్యాన్సర్ వచ్చింది. వక్కనే క్యాన్సర్ కారకంగా అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2004లో ప్రకటించింది.

మధుమేహంలో బిగింపు మరో దారిన వస్తుంది. రక్తంలో ఎక్కువైన చక్కెర ఎంజైము సాయం లేకుండానే ప్రొటీన్లకు అంటుకుంటుంది. హెచ్‌బీఏ1సీ పరీక్ష కొలిచేది హిమోగ్లోబిన్‌కు అంటిన చక్కెరనే. ఎర్రకణం 120 రోజుల్లో పోతుంది, దాంతోపాటే ఆ చక్కెరా పోతుంది. కొలాజెన్ అలా పోదు. చర్మంలో దాని సగం ఆయుష్షు సుమారు 15 ఏళ్లు, మృదులాస్థిలో వందేళ్లకు పైమాటే. మడమ వెనుక అకిలిస్ టెండన్ నడిమి భాగం 17 ఏళ్ల వయసు దాటాక దాదాపు మారదని రేడియోకార్బన్ కొలతల్లో తేలింది. అందుకే అంటిన చక్కెర పేరుకుపోయి అదనపు ముడులవుతుంది. భుజం బిగుసుకోవడం మధుమేహుల్లో ఎక్కువ. నమస్కారం పెట్టినప్పుడు అరచేతులు, వేళ్లు పూర్తిగా ఆనకపోతే చేతి కీళ్లలోనూ ఇది మొదలైందని అర్థం. ఈ పరీక్షకు ఖర్చు లేదు.

## డబ్బాలో కొలాజెన్

ఇప్పుడు పౌడర్ సంగతి. అది జంతువుల తోలు, ఎముక, చేప పొలుసుల నుంచి తీసిన జెలటిన్‌ను ఇంకా ముక్కలు చేసినది. కడుపులో చాలావరకు అమైనో ఆమ్లాలుగా విడిపోతుంది. ప్రోలిన్, హైడ్రాక్సిప్రోలిన్ కలిసిన కొన్ని చిన్న ముక్కలు విడిపోకుండా రక్తంలోకి చేరతాయన్నది నిజం. కానీ తిన్న తాడు తాడుగా చర్మంలోకి చేరదు. ఫైబ్రోబ్లాస్ట్ తన తాడును తానే మొదటి నుంచీ పేనుకోవాలి. చర్మం తేమ కాస్త మెరుగైనట్టు చూపిన ప్రయోగాలు ఉన్నాయి, అయితే వాటిలో చాలావాటికి డబ్బు పెట్టింది తయారీ సంస్థలే. ప్రొటీన్‌గా కూడా ఇది అసంపూర్ణం: ట్రిప్టోఫాన్ ఇందులో అసలు ఉండదు, గుడ్డులో, పప్పన్నంలో ఉంటుంది.

కొలాజెన్ క్రీముల సంగతి ఇంకా తేలిక. చర్మం పైపొరను దాటగలిగే అణువు బరువు సాధారణంగా 500 డాల్టన్ల (అణువుల బరువు కొలిచే ప్రమాణం) లోపు ఉండాలి. కొలాజెన్ అణువు బరువు సుమారు 3,00,000. రాసింది పైనే ఉండి తేమ పట్టి ఉంచుతుంది, కడిగితే పోతుంది.